కంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, రక్తపరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంటి రక్షణ వ్యవస్థే సొంత ఒంటి మీద తిరగబడితే వాటిని ఆటోఇమ్యూన్ జబ్బులు అంటాం. యువైటిస్ (కంటి లోపలి మధ్యపొర వాపు), స్క్లెరైటిస్ (తెల్లగుడ్డు వాపు) లాంటి జబ్బులతో వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోగానే ముందు రక్తపరీక్షల ఫైలు తీస్తారు. ముద్దక్షరాల్లో అచ్చయిన అంకె మీద వేలు పెట్టి, "ఇది ఎక్కువుందట, కంటికేమైనా అవుతుందా?" అని అడుగుతారు. లేదంటే, "అన్నీ నార్మలే వచ్చాయి, ఇంక చుక్కలు ఆపేయొచ్చా?" అంటారు. రెండో ప్రశ్న విన్నప్పుడే నాకు ఎక్కువ భయం వేస్తుంది. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూసే దీపపు సూక్ష్మదర్శిని) పక్కన కూర్చుని ఇన్నేళ్లుగా నోటితో చెబుతూ వచ్చిన జవాబులనే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇన్‌ఫ్లమేషన్ సూచికలు అంటే ఏమిటి?

ఒంట్లో ఎక్కడైనా వాపు మొదలైతే అక్కడికి చేరిన తెల్లకణాలు సైటోకైన్లు అనే పదార్థాలను వదులుతాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 అనేది రక్తంలో కలిసి కాలేయానికి చేరి, కొన్ని ప్రొటీన్లను మామూలు కన్నా ఎక్కువగా తయారు చేయిస్తుంది. సీఆర్పీ (సీ-రియాక్టివ్ ప్రొటీన్) అలాంటిదే. ఫైబ్రినోజెన్, ఫెర్రిటిన్ కూడా ఆ కోవలోవే. వాపు గురించి కాలేయానికి ఏ మేరకు కబురు అందిందో ల్యాబ్ అంకె చెబుతుంది, అంతే. కబురు అందనంత చిన్న చోట వాపు వస్తే అంకె కదలదు. కంటి విషయంలో వచ్చే తికమకంతా ఇక్కడే పుడుతుంది.

సీఆర్పీ, ఈఎస్ఆర్ రెండూ రాస్తారెందుకు? ఒకటి చాలదా?

రెండూ ఒకే కథను వేర్వేరు వేగాలతో చెబుతాయి.

ఈఎస్ఆర్ పాత పరీక్ష. సన్నటి గాజుగొట్టంలో రక్తాన్ని నిలువుగా నిలబెట్టి ఒక గంట వదిలేస్తారు. ఎర్రకణాలు మెల్లగా కిందికి దిగుతాయి, పైన గడ్డిరంగు ద్రవం తేలుతుంది. గంటలో ఎర్రటి గీత ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో అదే మీ రిపోర్టులోని అంకె. వాపు ఉన్నప్పుడు రక్తంలో ఫైబ్రినోజెన్ పెరిగి ఎర్రకణాలను నాణేల దొంతరలా ఒకదానికొకటి అంటిస్తుంది. దొంతర బరువు కాబట్టి తొందరగా దిగుతుంది. పోలండ్ వైద్యుడు ఎడ్మండ్ బియెర్నాట్‌స్కీ 1897లోనే దీన్ని వివరించాడు. స్వీడన్‌కు చెందిన వెస్టర్‌గ్రెన్ 1921లో స్థిరపరచిన పద్ధతే నేటికీ ప్రమాణం. అందుకే చాలా రిపోర్టుల్లో ఈఎస్ఆర్ పక్కన ఆయన పేరు కనిపిస్తుంది.

సీఆర్పీని 1930లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. ఇది చురుకైనది. వాపు మొదలైన కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. వాపు తగ్గితే సుమారు 19 గంటలకోసారి సగానికి సగం పడిపోతూ వస్తుంది. ఈఎస్ఆర్ అలా కాదు. జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు. పైగా వయసు, రక్తహీనత, గర్భం కూడా ఈఎస్ఆర్‌ను పెంచేస్తాయి. వయసును బట్టి ఎంతవరకు మామూలో చూసుకోవడానికి ఒక లెక్క ఉంది: మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు 10 కలిపి సగం. 70 ఏళ్ల ఆమెకు 40 వస్తే కంగారు పడక్కర్లేదు. 25 ఏళ్ల అబ్బాయికి అదే 40 వస్తే కారణం వెతకాలి.

కన్ను ఎర్రబడి నొప్పిగా ఉంది. సీఆర్పీ మాత్రం నార్మల్. ల్యాబ్ వాళ్లు తప్పు చేశారా?

తప్పు చేయలేదు. ఎక్కువమంది యువైటిస్ రోగుల్లో జరిగేది ఇదే.

మొదటి కారణం కొలత. కంటి ముందు గదిలో, అంటే ముందరి అద్దంలాంటి పొర కార్నియాకూ, పాప చుట్టూ ఉండే రంగు వలయం ఐరిస్‌కూ మధ్య ఉండే నీరు పావు మిల్లీలీటరు. ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. ఆ పావు మిల్లీలీటరులో ఎంత రభస జరిగినా దాని కబురు అంత రక్తంలో కలిసి కాలేయం దాకా చేరేసరికి ఏమీ మిగలదు.

రెండో కారణం గోడ. కంటి లోపలి రక్తనాళాల గోడలు, రెటీనా కింది పొర చాలా బిగుతుగా అల్లుకుని ఉంటాయి. రక్తంలోనివి కంట్లోకి, కంట్లోనివి రక్తంలోకి ఇష్టమొచ్చినట్టు పోవు. వాపు వచ్చినప్పుడు ఈ గోడ కొంత సడలుతుంది. సడలినా, లోపల తయారైన పదార్థాలు ఎక్కువ భాగం అక్కడికక్కడే పనిచేస్తాయి.

మరి వాపును దేంతో కొలుస్తామంటారా? కళ్లతోనే. గదిలో లైట్లు ఆర్పి, స్లిట్ ల్యాంప్ నుంచి 1 మిల్లీమీటరు పొడవు, 1 మిల్లీమీటరు వెడల్పు ఉన్న కాంతిపుంజాన్ని కంట్లోకి పంపుతాం. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఆ వెలుగు దారిలో ఏమీ కనిపించదు, నల్లగా ఖాళీగా ఉంటుంది. యువైటిస్ ఉన్న కంట్లో, కిటికీ సందులోంచి పడే ఎండపట్టీలో ధూళి తేలినట్టు తెల్లకణాలు తేలుతూ కనిపిస్తాయి. ఐరిస్ పక్కన వెచ్చగా ఉండే నీటితో పైకి లేస్తాయి, కార్నియా పక్కన చల్లబడి కిందికి దిగుతాయి. వాటిని లెక్కపెడతాం. 2005లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలమానం ప్రకారం 6 నుంచి 15 కణాలు కనిపిస్తే 1+, 16 నుంచి 25 దాకా అయితే 2+, 26 నుంచి 50 దాకా 3+, 50 దాటితే 4+. మీ చీటీలో "సెల్స్ 2+" అని రాసి ఉంటే అర్థం అదే. ఈ లెక్కకు సాటివచ్చే రక్తపరీక్ష ఇంతవరకూ లేదు. కంటి వెనక భాగంలో వాపు ఉంటే రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్, రంగుమందు ఎక్కించి రక్తనాళాలను ఫొటో తీసే ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ చెబుతాయి.

సీఆర్పీ నార్మల్‌కి వచ్చింది కదా, చుక్కలు ఆపేయనా?

వద్దు. కంటి చుక్కలు ఎప్పుడు, ఎంత తగ్గించాలో కంట్లోని కణాలను చూసి నిర్ణయించాలి. సీఆర్పీ నార్మల్ ఉందని సొంతంగా చుక్కలు మానేసి, నాలుగు వారాల తర్వాత ఐరిస్ కటకానికి అతుక్కుపోయి, కంటిపాప గుండ్రంగా కాక వంకరటింకరగా మారిన కళ్లతో వచ్చినవాళ్లను చూశాను. మొదట్లో అయితే పాప పెద్దది చేసే చుక్కలతో ఆ అతుకును విడదీయగలం. ఆలస్యమైతే అది విడదు. "రిపోర్టు బాగుంది కదా డాక్టర్ గారూ" అని వాళ్లు అన్నప్పుడు ఏం జవాబివ్వాలో తోచదు. రిపోర్టు నిజంగానే బాగుంది మరి.

స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ప్రెడ్నిసొలోన్ సీఆర్పీని కూడా దించేస్తుంది. మాత్రలు వాడుతుండగా వచ్చిన నార్మల్, మాత్రలు లేకుండా వచ్చిన నార్మల్ ఒకటి కావు.

మరి ఏ కంటి జబ్బుల్లో ఈ అంకెలు పెరుగుతాయి?

ఒంటినంతా పట్టిన జబ్బులో కన్ను ఒక భాగమైనప్పుడు. కీళ్లవాతంతో వచ్చే స్క్లెరైటిస్, రక్తనాళాల వాపు జబ్బులు, బెహ్‌చెట్ జబ్బు ఈ వరసలోవి. స్క్లెరైటిస్ అంటే తెల్లగుడ్డు లోపలి పొర వాపు. అర్ధరాత్రి నిద్రలేపేంత లోతైన నొప్పి, ముట్టుకుంటే ఓర్చుకోలేకపోవడం దీని గుర్తులు. ఇలాంటి రోగికి సీఆర్పీ బాగా ఎక్కువగా వచ్చిందంటే నా ఆలోచన కంటిని దాటి మూత్రపిండాలు, ఊపిరితిత్తుల మీదికి పోతుంది. మూత్రంలో రక్తం, ప్రొటీన్ ఉన్నాయేమో చూస్తాం. ఆన్కా అనే యాంటీబాడీ పరీక్ష రాస్తాం. ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే రక్తనాళాల జబ్బు మొదట బయటపడేది ఎర్రబడ్డ కంటిలోనే. కీళ్లవాతాన్ని పట్టించే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ కూడా ఈ సందర్భంలోనే అడుగుతాం.

రక్తపరీక్ష రిపోర్టు కంటిచూపును కాపాడే సందర్భం అసలు ఉందా?

ఉంది. దీన్ని ప్రతి ఇంట్లో తెలుసుకోవాలని నా కోరిక.

జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అనే జబ్బు 50 ఏళ్లు దాటినవాళ్లకే వస్తుంది. అందులోనూ 70 దాటినవాళ్లకు ఎక్కువ. కణత దగ్గరి ధమని, కంటికి రక్తం తెచ్చే సన్న నాళాలు వాచి మూసుకుపోతాయి. కొత్తగా మొదలైన తలనొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, అన్నం నములుతుంటే దవడ లాగేసి మధ్యలో ఆపేయాల్సి రావడం, బరువు తగ్గడం, కాసేపు చూపు మసకబారి మళ్లీ రావడం దీని ముందస్తు గుర్తులు. దవడ నొప్పి గురించి రోగి తనంతట తాను చెప్పడు, పంటి నొప్పి అనుకుంటాడు. మేం అడగాలి. ఆ తర్వాత ఒకరోజు ఒక కన్ను హఠాత్తుగా చీకటైపోతుంది. మందు మొదలుపెట్టకపోతే రెండో కన్ను కూడా రోజుల్లోనో వారాల్లోనో పోవచ్చు. పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు.

ఇక్కడ సీఆర్పీ, ఈఎస్ఆర్ రెండూ అదే రోజు, అదే పూట చేయించాలి. ప్లేట్‌లెట్లు కూడా చూడాలి, ఈ జబ్బులో అవి పెరుగుతాయి. రెండు పరీక్షలూ ఎందుకంటే ఒకటి తప్పిపోయిన చోట రెండోది పట్టుకుంటుంది. సీఆర్పీ ఈ విషయంలో కొంచెం నమ్మకస్తురాలు. అయినా రెండూ నార్మల్‌గా ఉన్న రోగులు కొద్దిమంది ఉంటారు. అందుకే లక్షణాలు గట్టిగా ఉంటే రిపోర్టు వచ్చేదాకా కూడా ఆగం. రక్తం తీసుకుని వెంటనే ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మొదలుపెడతాం. కణత ధమని నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ ఆ తర్వాత ఒకటి రెండు వారాల్లోపు చేసినా జబ్బు ఆనవాళ్లు దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు "నమలలేకపోతున్నాను, తల ముట్టుకోనివ్వడం లేదు" అంటే రేపు చూద్దాం అనుకోవద్దు.

ఈఎస్ఆర్ ఎక్కువ, సీఆర్పీ నార్మల్. దీనికి అర్థం ఉందా?

ఉంది. ముందు రక్తహీనత ఉందేమో చూడండి, చాలాసార్లు అదే కారణం. అది లేకపోతే కళ్లు, నోరు ఎండబెట్టే షోగ్రెన్ సిండ్రోమ్, చర్మం, కీళ్లు, మూత్రపిండాలను పట్టే లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బులు గుర్తొస్తాయి. షోగ్రెన్‌లో యాంటీబాడీలు రక్తంలో కుప్పలుగా పెరిగి ఎర్రకణాలను తొందరగా దించేస్తాయి, కాలేయానికి మాత్రం పెద్దగా కబురు పోదు. కళ్లు ఎండిపోయి ఇసుక పడ్డట్టు గరగరలాడుతూ, నోరు కూడా ఎండుతుంటే యాంటీ రో, యాంటీ లా పరీక్షలు అడుగుతాం. లూపస్ మీద అనుమానం ఉంటే రక్తంలోని సీ3, సీ4 అనే రక్షణ ప్రొటీన్లు చూస్తాం. అవి తగ్గడమే అక్కడ జబ్బు రేగిందనడానికి గుర్తు. లూపస్ రోగికి సీఆర్పీ ఒక్కసారిగా బాగా పెరిగితే ఇన్‌ఫెక్షన్ ఏమైనా వచ్చిందా అని ముందు వెతుకుతాం.

ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. నాకు లూపస్ ఉన్నట్టేనా?

ఆ ఒక్క రిపోర్టుతో అనలేం. ఏఎన్ఏ అంటే సొంత కణాల కేంద్రకాల మీద తయారైన యాంటీబాడీలు. 1:40 దగ్గర, అంటే రక్తద్రవాన్ని 40 రెట్లు పలచన చేసి చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా దాదాపు ముగ్గురిలో ఒకరికి పాజిటివ్ వస్తుంది, 1:160 దగ్గర కూడా నూటికి సుమారు 5 మందికి వస్తుంది. పెద్దవాళ్లలో మామూలు యువైటిస్‌కు ఏఎన్ఏ రాయడం వల్ల తేలేది తక్కువ, నిద్రపట్టని రాత్రులు ఎక్కువ. లక్షణాలేవీ లేకుండా ఈ పరీక్ష చేయించుకోకండి.

పిల్లల్లో మాత్రం లెక్క వేరు.

మా పాపకు మోకాలు వాపు. కళ్లు తెల్లగానే ఉన్నాయి. మూడు నెలలకోసారి కంటి డాక్టరు దగ్గరికి ఎందుకు పంపుతున్నారు?

పిల్లల కీళ్లవాతంలో, అందులోనూ చిన్న వయసులో, నాలుగు కీళ్లకు మించకుండా వచ్చి, ఏఎన్ఏ పాజిటివ్ ఉన్న పిల్లల్లో యువైటిస్ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ యువైటిస్ చప్పుడు చేయకుండా వస్తుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు. పాప ఆడుకుంటూనే ఉంటుంది. బడిలో బోర్డు కనిపించడం లేదని చెప్పేసరికి కంటిలో అతుకులు, శుక్లం వచ్చేసి ఉంటాయి. ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్ ఉన్నా, మోకాలి వాపు పూర్తిగా తగ్గిపోయినా కంటిలో వాపు సాగుతూ ఉండొచ్చు. ఇక్కడ ఏఎన్ఏ చెప్పేది ఎవరి కళ్లను ఎంత తరచుగా చూడాలన్నదే. వాపు ఉందో లేదో అది చెప్పదు, అది స్లిట్ ల్యాంప్ చూసి చెప్పాల్సిందే. మొదటి రెండు మూడుసార్లు ఏమీ లేదన్నారని తర్వాతి తేదీ వదిలేయొద్దని తల్లిదండ్రులను బతిమాలుతుంటాను.

హెచ్ఎల్ఏ-బీ27 పాజిటివ్ అంటే వాపు ఎక్కువగా ఉన్నట్టా?

కాదు. అది పుట్టుకతో వచ్చిన జన్యువు. ఈ రోజు పాజిటివ్ అయితే ఇరవై ఏళ్ల తర్వాతా పాజిటివే. మళ్లీ మళ్లీ చేయించడం దండగ. ఈ జన్యువుకూ వెన్నెముకను బిగబట్టే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కూ ఉన్న సంబంధం 1973లో తేలింది. హఠాత్తుగా ఒక కంటికి వచ్చే ముందు భాగపు యువైటిస్ రోగుల్లో సుమారు సగం మందికి ఈ జన్యువు ఉంటుంది. అయితే జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితమంతా ఏ జబ్బూ రాదు.

దీన్ని అడిగేది నడుం గురించి తెలుసుకోవడానికి. 45 ఏళ్లలోపు మొదలై మూడు నెలలకు మించి ఉన్న నడుం నొప్పి, పొద్దున్నే లేవగానే బిగుసుకుపోయి, నడిస్తే తగ్గి, పడుకుంటే పెరిగేది అయితే కీళ్ల డాక్టరు దగ్గరికి పంపుతాం. ఏళ్లుగా నడుం నొప్పిని మోస్తూ, దాని పేరు మొదటిసారి కంటి డాక్టరు నోట విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. హెచ్ఎల్ఏ-ఏ29 ఇలాంటిదే: బర్డ్‌షాట్ అనే అరుదైన జబ్బు రోగుల్లో దాదాపు అందరికీ ఉంటుంది. బీ51కి బెహ్‌చెట్‌తో సంబంధం ఉంది, కానీ దాన్నిబట్టి జబ్బు తేల్చం. బెహ్‌చెట్‌ను నోటి పుండ్లు, మర్మాంగాల పుండ్లు, చర్మం చూసి పట్టుకుంటాం.

ఏసీఈ పరీక్ష ఎందుకు?

ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న గడ్డలు ఏర్పడే సార్కాయిడోసిస్ అనే జబ్బు మీద అనుమానంతో. ఆ జబ్బులో ఏర్పడే గడ్డల్లోని కణాలు ఈ ఎంజైమును తయారు చేస్తాయి. నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనలేం, అందుకే ఛాతీ ఎక్స్‌రే లేదా సీటీ కూడా తీస్తాం. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందు వాడుతున్నట్టయితే తప్పకుండా చెప్పండి. ఆ మందు పనే ఈ ఎంజైమును అడ్డుకోవడం, కాబట్టి రిపోర్టు మోసపూరితంగా తక్కువ వస్తుంది. పిల్లల్లో ఈ ఎంజైము మామూలుగానే ఎక్కువ ఉంటుంది.

కన్ను నొప్పి అని వస్తే సిఫిలిస్ పరీక్ష రాశారు. నా గురించి ఏమనుకుంటున్నారు?

ఏమీ అనుకోవడం లేదు. యువైటిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ రాస్తాం, పెళ్లయిన పెద్దావిడకైనా, సన్యాసికైనా. సిఫిలిస్ సుఖవ్యాధే అయినా, కంటిలో ఏ రకమైన యువైటిస్ వేషమైనా వేయగలదు. పెన్సిలిన్‌తో పూర్తిగా నయమవుతుంది. దాన్ని ఆటోఇమ్యూన్ జబ్బు అనుకుని స్టెరాయిడ్ మాత్రమే ఇస్తే కన్ను పోతుంది. ఒక్క వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష మీదే ఆధారపడకూడదు, పాత సిఫిలిస్‌లో అది నెగటివ్ రావచ్చు. సిఫిలిస్ క్రిమి మీద తయారైన యాంటీబాడీలను చూసే ట్రెపోనిమల్ పరీక్ష కూడా ఉండాలి. ఈ పరీక్ష గురించి గది తలుపు వేసి మాట్లాడటం, ఎందుకో ముందే వివరించడం మా బాధ్యత. అలా వివరించకుండా చీటీ చేతిలో పెడితే మీకు కోపం రావడం న్యాయమే.

టీబీకి మాంటూ అనే చర్మ పరీక్ష లేదా ఇగ్రా అనే రక్తపరీక్ష చేస్తాం. పాజిటివ్ వస్తే టీబీ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని అర్థం. కంటి వాపుకు అదే కారణమని దానంతట అదే రుజువు చేయదు.

పిల్లవాడికి రెండు కళ్లలో యువైటిస్. మూత్రపరీక్ష దేనికి?

కంటితో పాటు మూత్రపిండాలు వాచే టీనూ అనే జబ్బు ఉంది, పెద్ద పిల్లల్లో, యువతలో వస్తుంది. మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, రక్తంలో క్రియాటినిన్ దాన్ని పట్టిస్తాయి. చేయించండి.

రక్తపరీక్ష ఒక్కటే జబ్బు పేరు తేల్చేసే సందర్భం ఏదైనా ఉందా?

కంటినరం వాపులో ఉంది. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ 2004లో వెలుగులోకి వచ్చింది. అది పాజిటివ్ అయితే కంటినరాన్ని, వెన్నుపామును దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అని చెప్పగలం. మోగ్ యాంటీబాడీ ఇంకో జబ్బును చూపిస్తుంది. మెదడును, వెన్నుపామును పట్టే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఇచ్చే కొన్ని మందులు ఆక్వాపోరిన్ రోగులకు హాని చేస్తాయి, కాబట్టి ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. ప్లాస్మా మార్పిడి మొదలుపెట్టే ముందే ఈ శాంపిల్ తీయాలి. ఈ జబ్బుల్లో ఈఎస్ఆర్, సీఆర్పీ మీద ఆశ పెట్టుకోవద్దు.

థైరాయిడ్ కంటిజబ్బులో టీఎస్‌హెచ్ రిసెప్టార్ యాంటీబాడీ ఎక్కువగా ఉంటే జబ్బు తీవ్రంగా సాగే అవకాశం ఎక్కువ. అక్కడ కూడా సీఆర్పీ పనికిరాదు. సిగరెట్ తాగేవాళ్లు మానేయడం చాలా పరీక్షల కన్నా మేలు చేస్తుంది.

న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి అని చదివాను. నాది 4 వచ్చింది, ప్రమాదమా?

మామూలు రక్తకణాల లెక్కలోంచే తీసే, రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి ఇది. యువైటిస్‌లో, బెహ్‌చెట్‌లో దీని మీద పరిశోధనలు జరిగాయి, రోగుల గుంపులో సగటున కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. ఒక్క మనిషి విషయంలో దీంతో నిర్ణయం తీసుకోలేం. జలుబు, జ్వరం, ఒత్తిడి దీన్ని మార్చేస్తాయి. పైగా ప్రెడ్నిసొలోన్ వేసుకున్న కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిళ్లు పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. జబ్బు తగ్గించే మందే ఈ నిష్పత్తిని పెంచుతోందన్నమాట. మీ 4 వెనక ఉన్నది ఆ మాత్రే కావచ్చు.

వాపును తగ్గించే అడాలిముమాబ్, టోసిలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు వాడుతున్నాను. సీఆర్పీని నమ్మొచ్చా?

టోసిలిజుమాబ్ వాడేవాళ్లు నమ్మకూడదు. మొదట్లో చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-6 కబురును ఈ మందు దారిలోనే ఆపేస్తుంది. కాలేయానికి కబురే అందదు, సీఆర్పీ దాదాపు సున్నాకు పడిపోతుంది. జబ్బు రేగినా, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంకె అలాగే కిందే ఉండొచ్చు. జెయింట్ సెల్ ఆర్టిరైటిస్‌కు ఈ మందు వాడేవాళ్లు తలనొప్పి, దవడ నొప్పి తిరిగొస్తే రిపోర్టుతో సంబంధం లేకుండా రావాలి. జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు ముందు చెప్పండి, లేకపోతే తక్కువ సీఆర్పీ చూసి ఇన్‌ఫెక్షన్ లేదనుకునే ప్రమాదం ఉంది.

అడాలిముమాబ్ 2016లో యువైటిస్‌కు ఆమోదం పొందింది. అది సీఆర్పీని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా కప్పిపెట్టదు. మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బీ పరీక్షలు తప్పనిసరి.

కన్ను బాగానే ఉంది. అయినా రక్తపరీక్షలు పదేపదే ఎందుకు?

అవి మందు కోసం. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్, అజాథియోప్రిన్ రక్తకణాలను, కాలేయాన్ని దెబ్బతీయకుండా చూసుకోవాలి. సైక్లోస్పోరిన్ అయితే క్రియాటినిన్, బీపీ. కన్ను ఎంత బాగున్నా ఈ పరీక్షలు మానొద్దు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఏ రోజు వేసుకోవాలో మందు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

రక్తంలో ఏమీ దొరకలేదు. ఇంకేం చేస్తారు?

చాలామంది విషయంలో పరీక్షలన్నీ చేసినా కారణం దొరకదు. కారణం తెలియకపోయినా వైద్యం చేయగలం. వోగ్ట్-కొయనాగి-హరాడా లాంటి జబ్బుకు రక్తపరీక్షే లేదు. కంటి లక్షణాలు, చెవిలో హోరు, తలనొప్పి, తర్వాత చర్మం మీద తెల్లమచ్చలు, వెంట్రుకలు నెరవడం చూసి గుర్తిస్తాం.

అనుమానం బలంగా ఉంటే కంటి నీటినే పరీక్షిస్తాం. సన్నని సూదితో ముందు గదిలోంచి రెండు మూడు చుక్కలు తీసి పీసీఆర్‌కు పంపితే హెర్పిస్, సైటోమెగలో లాంటి వైరస్‌లు, టాక్సోప్లాస్మా దొరుకుతాయి. వయసు పైబడినవాళ్లలో, స్టెరాయిడ్‌కు లొంగని వాపులో లింఫోమా అనే క్యాన్సర్ దాగి ఉండొచ్చు. అప్పుడు కంటి లోపలి జెల్లీ తీసి కణాలను చూస్తాం. అందులో ఇంటర్‌ల్యూకిన్-10 అనేది ఇంటర్‌ల్యూకిన్-6 కన్నా ఎక్కువ ఉంటే అనుమానం గట్టిపడుతుంది. రక్తంలో చూస్తే ఇవి సాధారణంగా కనిపించవు.

పరగడుపున రావాలా?

సీఆర్పీ, ఈఎస్ఆర్‌కు అక్కర్లేదు.

ఒక ల్యాబ్‌లో సీఆర్పీ 12, ఇంకో ల్యాబ్‌లో 1.2. తగ్గినట్టేనా?

అంకె పక్కన యూనిట్ చూడండి. లీటరుకు 12 మిల్లీగ్రాములు, డెసీలీటరుకు 1.2 మిల్లీగ్రాములు ఒకటే. ఏమీ తగ్గలేదు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. గుండె కోసం చేసే హెచ్ఎస్-సీఆర్పీ వేరే పరీక్ష, దాని హద్దులు వేరు.

రిపోర్టులు ఎలా దాచుకోవాలి?

తేదీల వరసలో, పాతది కింద, కొత్తది పైన. ప్రతి రిపోర్టు మూలన పెన్నుతో మూడు సంగతులు రాయండి: ఆ రోజు ఏ మందు ఎంత మోతాదులో వేసుకుంటున్నారు, ఆ వారంలో జలుబు, జ్వరం, పంటి నొప్పి లాంటివి ఏమైనా వచ్చాయా, కన్ను ఎలా ఉంది. "ప్రెడ్నిసొలోన్ 20, జ్వరం లేదు, కుడికన్ను మసక" అని రాసి ఉన్న కాగితం చేతికిస్తే, ముద్దక్షరాల్లో ఉన్న అంకె కన్నా ముందు నేను ఆ మూల చదువుతాను. చదివి, లైటు ఆర్పి, గడ్డం ఆ స్టాండు మీద ఆనించమంటాను.